పొయ్యిలో పిల్లి లేచిందా?

పొద్దెక్కినా వంట మొదలుకాని ఇంటి గురించి మన పెద్దవాళ్లు ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అనేవారు. చల్లారిన పొయ్యిలో బూడిద మెత్తగా, గోరువెచ్చగా ఉంటుంది గనక పిల్లికి అదే పక్క. అమెరికాలో, కెనడాలో కట్టెలు కాల్చి ఇల్లు వెచ్చబెట్టుకునేవాళ్ల పొయ్యిల్లోనూ ఒక పిల్లి ఉంది. క్యాటలిస్టు, అంటే మన సైన్సు పుస్తకాల్లోని ఉత్ప్రేరకం, అమర్చిన పొయ్యిని వాళ్లు ముద్దుగా ‘క్యాట్ స్టవ్’ అంటారు. ఆ క్యాట్ లేచేదాకా అది ఉత్త ఇనప పెట్టె. ఒక చలికాలం న్యూ హాంప్‌షైర్‌లో మా మేనల్లుడి ఇంట్లో గడిపినప్పుడు ఈ పిల్లితో నాకు పరిచయమైంది. అది మొదటి రోజే నన్ను గీరిన సంగతి కాస్త ఆగి చెబుతాను.

కట్టె మండదు

పొయ్యిలో మంటను దగ్గరగా చూడండి. అది కట్టెకు అంటుకుని ఉండదు, కొంచెం ఎడంగా ఆడుతుంటుంది. వేడి తగిలితే ముందు కట్టెలో నీళ్లు ఆవిరైపోతాయి. తరవాత 250, 300 సెల్సియస్ డిగ్రీల దగ్గర కట్టె విచ్చిపోయి వాయువులనూ తారు ఆవిర్లనూ వదులుతుంది. మండేవి అవే. అవన్నీ పోయాక మిగిలిన బొగ్గు మంట లేకుండా కణకణలాడుతుంది. ఎండు కట్టె వేడిలో సగానికి పైగా ఆ ఆవిర్లలోనే ఉంటుంది. పొగగొట్టంలోంచి దట్టంగా పోతున్న పొగంటే, డబ్బిచ్చి కొన్న కట్టెలో సగం దాకా కాలకుండా పైకి పోతోందన్నమాట.

లేచే వేడి: 260

ఆ పొగ తనంతట తాను అంటుకోవాలంటే 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి, గాలీ కావాలి. రాత్రంతా నిప్పు నిలవాలని గాలి తగ్గించి పొయ్యిని మగ్గబెడితే అంత వేడి పుట్టదు. క్యాటలిస్టు మీద మాత్రం అదే పొగ 260 డిగ్రీలకే కాలడం మొదలుపెడుతుంది. అక్కడివాళ్లు ఫారెన్‌హీట్‌లో లెక్కపెడతారు గనక వాళ్ల నోట వినపడే అంకె 500. ఒకసారి మొదలైందంటే పొగ కాలిన వేడే క్యాటలిస్టును ఇంకా కాచి, ఏడెనిమిది వందల ఫారెన్‌హీట్ దాటించి నడిపిస్తుంది. క్యాటలిస్టు మాత్రం అందులో ఖర్చు కాదు. పెళ్లిళ్ల పేరయ్య లాంటిదది: సంబంధం కుదురుస్తుంది, తాను పీటల మీద కూర్చోదు.

అగ్గిపుల్ల కన్నా ముందు

ఈ వింతను మొదట చూసినవాడు హంఫ్రీ డేవీ. బొగ్గు గనుల్లో పేలుళ్లకు కారణం కాని దీపం తయారుచేసిన ఇంగ్లండు శాస్త్రవేత్త ఈయనే. ఆ ప్రయోగాల కొనసాగింపుగా, మండే వాయువూ గాలీ కలిసిన చోట వేడి చేసిన ప్లాటినం తీగను పెడితే, మంటే లేకుండా తీగ ఎర్రగా వెలుగుతూ ఉండిపోయింది. ఆ సంగతి 1817లో ప్రకటించాడు. 1823లో జర్మనీలో డోబరైనర్ హైడ్రోజన్ ధారను ప్లాటినం మీదికి వదిలితే అంటుకునే దీపం చేశాడు. రాపిడితో వెలిగే అగ్గిపుల్ల 1826లో గానీ పుట్టలేదు. అంటే అగ్గిపుల్ల కన్నా క్యాటలిస్టు లైటరే పెద్దది! ఈ తంతుకు ‘కెటాలిసిస్’ అని పేరు పెట్టింది స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్, 1835లో.

జంతికల గొట్టం

క్యాటలిస్టు ఎలా ఉంటుందంటారా? తేనెపట్టులాంటి పింగాణీ ఇటుక. ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నటి గళ్లు. గళ్ల గోడలకు పల్లాడియం, ప్లాటినం లాంటి ఖరీదైన లోహాలు కంటికి కనపడనంత పలచగా పూసి ఉంటాయి. పొగకు ఎక్కువ చోటు తగలాలనే ఆ గళ్లు.

ఆ ఇటుక ముందు పొయ్యి కోసం పుట్టలేదు. అమెరికా 1975 మోడల్ కార్ల పొగ మీద కఠినమైన హద్దులు పెట్టినప్పుడు, న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ సంస్థలో రాడ్నీ బాగ్లీ, ఇర్విన్ లాక్‌మన్, రొనాల్డ్ లూయిస్ అనే ముగ్గురు దీన్ని తయారుచేశారు. పద్ధతి మన వంటింటిదే. పింగాణీ ముద్దను సన్నటి చీలికలున్న అచ్చులోంచి నొక్కితే గళ్లగళ్లుగా బయటికొస్తుంది, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు. తరవాత కాలుస్తారు. ఆ పని చేసినందుకు ముగ్గురికీ 2003 సంవత్సరపు అమెరికా జాతీయ సాంకేతిక పతకం దక్కింది. ఇక పొయ్యిల సంగతి: 1973లో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాక ఉత్తరాది రాష్ట్రాల జనం మళ్లీ కట్టెల పొయ్యి ముందు చేరారు. ఊళ్లకు ఊళ్లు పొగ కమ్ముకున్నాయి. అప్పుడు కారు ఇటుక పొయ్యిలోకి వచ్చింది.

బైపాస్ సంగతి

బైపాస్ అంటే మనకు ఊరి బయటి రోడ్డు, కాకపోతే గుండె ఆపరేషన్. క్యాట్ పొయ్యికీ ఒక బైపాస్ ఉంది. పొగ పోవడానికి రెండు దారులు: ఒకటి తిన్నగా గొట్టంలోకి, రెండోది తేనెపట్టు గళ్లలోంచి. ఏ దారో నిర్ణయించేది పక్కనో పైనో ఉండే ఒక మీట. ఈ పొయ్యి విద్యంతా ఆ మీటను ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో తెలియడమే.

నాకు తెలియదు. మేనల్లుడు పైగదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. నిప్పు తగ్గుతోంది కదా, పెద్దవాణ్ణి, ఆమాత్రం చేయలేనా అని కట్టె పట్టుకుని తలుపు బార్లా తీశాను. పొగంతా నా ముఖాన కొట్టింది. నెత్తిమీద అలారం కీచుమంది. “మీట మావయ్యా! ముందు మీట!” అంటూ వాడు మెట్లన్నీ దూకుతూ దిగాడు. గడ్డకట్టే చలిలో కిటికీలన్నీ తెరుచుకుని ఇద్దరం కోట్లేసుకుని కూర్చున్నాం. చిన్నప్పుడు అమ్మ ఊదుడుగొట్టంతో ఊదుతుంటే పక్కన కూర్చున్న అనుభవం అక్కడ దేనికీ పనికిరాలేదు.

తరవాత వాడు చెప్పిన వరస ఇదీ. వెలిగించేటప్పుడు బైపాస్ తెరిచే ఉండాలి, గాలి పూర్తిగా రావాలి. క్యాటలిస్టు దగ్గరి థర్మామీటరు ముల్లు 500 దాటి కాసేపు నిలిచాక మీట మూయాలి. మళ్లీ కట్టె వేయాలంటే ముందు గాలి పెంచాలి, బైపాస్ తెరవాలి, కొద్దిసేపు ఆగాలి. తలుపు అంగుళమే తీసి పొగ పైకి తిరగనివ్వాలి. ఆ తరవాతే పూర్తిగా తీయాలి. కట్టెలు పేర్చి తలుపు బిగించినా వెంటనే మీట మూయకూడదు. కొత్త కట్టెల తేమంతా చల్లటి ఆవిరై ఎర్రగా కాగిన పింగాణీకి తగిలితే, వేడి గాజుగ్లాసులో చన్నీళ్లు పోసినట్టే, పటుక్కున పగులుతుంది. కట్టెలు బాగా అంటుకునేదాకా నాలుగైదు నిమిషాలో పదో ఆగాలి. ఎంతసేపన్నది ఒక్కో కంపెనీ పుస్తకంలో ఒక్కో రకంగా ఉంటుంది. మీ పొయ్యికి మీ పుస్తకమే వేదం.

తెరవడం మరిచిపోతే నాలా పొగ పాలవుతారు. మూయడం మరిచిపోతే అంతకన్నా ప్రమాదం. పెద్ద మంట తేనెపట్టు ఊసే లేకుండా తిన్నగా గొట్టమెక్కుతుంది, గొట్టం ఎర్రబడుతుంది. మేనల్లుడు బైపాస్ తెరిచి ఉన్నంతసేపూ ఫోను కూడా ఎత్తడు.

మెరుపు లేకపోతే బెంగ వద్దు

బైపాస్ మూయగానే క్యాటలిస్టు నారింజ రంగులో వెలుగుతుంది. చూడముచ్చటగా ఉంటుంది. గంట గడిచాక మామూలుగా నల్లబడిపోతుంది. కొత్తగా కొన్నవాళ్లు ఇది చూసి పాడైందనుకుంటారు. కాదు. పొగ చిక్కగా ఉన్నప్పుడే మెరుపు. తరవాత మెరవకుండానే తన పని చేస్తుంటుంది. నమ్మాల్సింది కంటిని కాదు, ముల్లును.

ముల్లు కన్నా గట్టి సాక్షి కూడా ఉంది. చలికి ఓర్చి వీధిలోకి వెళ్లి కప్పు వంక చూడండి. గొట్టం మూతి దగ్గర తెల్లగా లేచి కొద్ది అడుగుల్లోనే మాయమైపోతుంటే అది నీటి ఆవిరి. నీలంగానో బూడిదరంగుగానో చాలా దూరం సాగుతుంటే పొగ. పిల్లి ఇంకా పడుకునే ఉంది.

నూరు దాటే శాతం

కట్టెలో తేమ 110 శాతం ఉందని ఎవరైనా చెబితే నవ్వకండి. పూర్తిగా ఎండిన కట్టె బరువుతో పోల్చి నీటి బరువు చెప్పడం అక్కడి లెక్క. నీళ్లే ఎక్కువ బరువున్న పచ్చి కట్టెకు ఆ అంకె నూరు దాటుతుంది. పొయ్యిలో పెట్టడానికి 20 లోపుండాలి. 10 కిలోల ఎండు కట్టె వెంట 20 శాతమైతే 2 కిలోల నీళ్లు పొయ్యిలోకి వెళతాయి. 80 శాతమైతే 8 కిలోలు, అంటే దాదాపు అర బిందె నీళ్లు! ఆ నీళ్లను మరిగించి గొట్టంలోంచి తరిమేదాకా ఇంటికి వేడెక్కడిది?

తేమ కొలవడానికి రెండు సూదులున్న చిన్న మీటరు దొరుకుతుంది. దుంగ చివర గుచ్చితే అబద్ధం చెబుతుంది, ఎందుకంటే చివర్లు ముందు ఎండుతాయి. అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చాలి. ఓక్ దుంగలు చీల్చి, పైన మాత్రం కప్పి, పక్కల గాలి ఆడేలా పేరిస్తే ఎండడానికి రెండు వేసవులు పడుతుంది. ఈ ఏడాది కాల్చేది ముందటేడు కొన్న కట్టె అయ్యుండాలన్నమాట. ఆవకాయకు ఏడాది ముందుచూపు చాలు, కట్టెకు రెండేళ్లు కావాలి.

అలాస్కాలోని ఫెయిర్‌బాంక్స్, దాని పక్కనే ‘నార్త్ పోల్’ అనే పేరున్న ఊరు కట్టెల పొగతో చాలా ఏళ్లుగా అవస్థ పడుతున్నాయి. చలికాలంలో చల్లటి గాలి మూతపెట్టినట్టు నేలమీదే నిలిచిపోతుంది, పొగ పైకి పోదు. అక్కడ 2021 నుంచి పొయ్యి సైజుకు కోసి అమ్మే కట్టెలు ఎండినవై తీరాలని నిబంధన వచ్చింది.

పిల్లికి పెట్టకూడనివి

క్యాటలిస్టు వేడికి తట్టుకుంటుంది గానీ విషానికి తట్టుకోలేదు. సీసం, జింకు, ఆర్సెనిక్, గంధకం దాని పైపూతను మూతేసేస్తాయి. రంగులేసిన చెక్క, ప్లైవుడ్, రంగురంగుల కాగితం, ప్లాస్టిక్, నేలబొగ్గు, సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఉప్పుదేరిన కట్టె, ఏవీ వేయకూడదు. క్రిస్మస్ మర్నాడు కానుకల కాగితాలన్నీ పొయ్యిలో కూరడం అక్కడ చాలామందికి సరదా. పిల్లికి ఆ పండగే గండం. పెరట్లోని పాత డెక్ (చెక్క అరుగు) పలకలు మరీ అన్యాయం: 2003 చివరిదాకా ఇళ్లకు అమ్మిన అలాంటి చెక్కను చాలావరకు ఆర్సెనిక్ కలిసిన మందుతో శుద్ధి చేసేవారు. దాన్ని కాలిస్తే క్యాటలిస్టుకే కాదు, మనుషులకూ హాని.

ఈ విషం కథ మనకు కొత్తది కాదు. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు క్యాటలిటిక్ కన్వర్టరు తప్పనిసరి చేసినప్పుడే అక్కడ సీసం లేని పెట్రోలు తెచ్చింది ఇందుకే. 2000 ఫిబ్రవరికి దేశమంతటా సీసం పెట్రోలు పోయింది. కారు పిల్లికీ పొయ్యి పిల్లికీ పథ్యం ఒకటే.

ఇస్త్రీపెట్టె కిటుకు

ఈ పొయ్యిని కొనేవాళ్లకు ఆశ శుభ్రమైన గాలి మీద కన్నా నిదానం మీద. మంట బొత్తిగా లేకపోయినా పొగ కాలుతూనే ఉంటుంది గనక గాలి బాగా తగ్గించి కట్టెను గంటల తరబడి సాగదీయొచ్చు. కొన్నిట్లో గాలిని తగ్గించి పెంచేది రెండు లోహాలు అతికిన ఒక చుట్ట. వేడెక్కితే ఒంపు తిరిగి గాలి కన్నం మూస్తుంది, చల్లారితే తెరుస్తుంది. ఇస్త్రీపెట్టెలో ఉండేదీ ఇలాంటిదే. కరెంటు అక్కర్లేదు. మంచు తుఫానుకు తీగలు తెగే ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాలా వాలా కేంద్రంగా ఉన్న బ్లేజ్ కింగ్ సంస్థ, తమ పెద్ద పొయ్యి ఒకసారి నింపితే 40 గంటల దాకా నిలుస్తుందని చెప్పుకుంటుంది. అమ్మేవాడి మాట అనుకుని కొంత తగ్గించుకున్నా గొప్పే.

న్యూ హాంప్‌షైర్‌లోని వుడ్‌స్టాక్ సోప్‌స్టోన్ సంస్థ పొయ్యిని రాతి పలకలతో కడుతుంది. ఏ రాయో తెలుసా? పలక మీద అక్షరాలు దిద్దిన బలపం రాయి. తాడిపత్రి వైపు గనుల్లో దొరికేదీ, పులుసు కాచే రాచ్చిప్పకు వాడేదీ ఆ జాతి రాయే. దింపాక కూడా రాచ్చిప్పలో పులుసు కుతకుతలాడుతూనే ఉంటుంది కదా, ఆ గుణమే అక్కడ తెల్లవారుజాము దాకా గది వెచ్చగా ఉంచుతుంది.

గొట్టంలో తారు

కాలని పొగ 120 డిగ్రీల కన్నా చల్లబడితే గొట్టం గోడలకు తారులా పేరుకుంటుంది. పేరు క్రియోజోట్. మసి అయితే బ్రష్షుకు రాలుతుంది. ఇది ఆరి గాజులా అంటుకుపోతే ఊడదు. ఏదో ఒకరోజు అంటుకుంటే గొట్టంలో వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది, రైలు వెళ్తున్నట్టు హోరు వినిపిస్తుంది. అప్పుడు చేయాల్సింది పొయ్యి గాలి మూసి, అందర్నీ బయటికి తెచ్చి, ఫైరింజనుకు ఫోను చేయడం. నీళ్లు పోయడం కాదు. ఏడాదికోసారి గొట్టం తనిఖీ చేయించాలని అమెరికా అగ్నిరక్షణ ప్రమాణాలు చెబుతాయి. గొట్టం ఎత్తుకు అక్కడి మేస్త్రీల బండగుర్తు ‘3-2-10’: కప్పు పైన కనీసం 3 అడుగులు, 10 అడుగుల లోపు ఏమున్నా దాని కన్నా 2 అడుగులు ఎత్తు.

నోటు పరీక్ష

తలుపు చుట్టూ ఉండే తాడు బిగువు పోయిందేమో తెలుసుకోవాలంటే చల్లారిన పొయ్యి తలుపులో డాలరు నోటు పెట్టి మూసి లాగాలి. సులువుగా జారి వచ్చిందా, తాడు మార్చాలి. మన పది రూపాయల నోటు కూడా పనికొస్తుందని నేనే పరీక్షించాను.

సిర్కాలో స్నానం

క్యాటలిస్టు గళ్లలో బూడిద చేరితే పొయ్యి పూర్తిగా చల్లారాక మెత్తటి బ్రష్షుతో దులపాలి. గట్టిగా గీకితే లోహప్పూత పోతుంది. తెల్ల సిర్కాలో, అంటే వెనిగర్‌లో, డిస్టిల్డ్ వాటర్ సగానికి సగం కలిపి అందులో మరగబెట్టి శుభ్రం చేసే పద్ధతిని కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. ఎంత చూసుకున్నా దాదాపు పన్నెండు వేల గంటల తరవాత ముసలిదవుతుంది. వాడకాన్ని బట్టి ఆరేళ్లో పదేళ్లో. అప్పుడు కొత్తది కొనాలి, మరో దారి లేదు.

నివురు

‘నివురు గప్పిన నిప్పు’ మనకు సామెత. అక్కడ అది అగ్నిమాపక శాఖ హెచ్చరిక. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు రోజుల తరబడి బతికుంటుంది. అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ సంచిలోనో ఎత్తి వరండాలో పెట్టడం వల్ల ఇళ్లు తగలబడుతుంటాయి. మూతున్న ఇనప బకెట్లో ఎత్తి, ఇంటికి దూరంగా, చెక్క తగలని చోట పెట్టాలి. పొయ్యికి మూడడుగుల లోపు సోఫా, కర్టెను, ఆరేసిన బట్ట ఏదీ ఉండకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని ఇంట్లో పొయ్యి వెలిగించకపోవడమే మంచిది. ఆ వాయువుకు వాసన లేదు.

గంటకు ఎన్ని గ్రాములు?

కట్టెల పొయ్యి పొగ మీద మొదట చట్టం చేసిన రాష్ట్రం ఆరెగాన్, 1983లో. దేశమంతటికీ వర్తించే హద్దులు 1988లో మొదలయ్యాయి. 1990 నుంచి అవి క్యాట్ పొయ్యికి గంటకు 4.1 గ్రాములు, క్యాట్ లేనిదానికి 7.5. మంచి పొయ్యికే ఎక్కువ శిక్షా అనిపిస్తుంది. క్యాటలిస్టు వయసుతో మందగిస్తుంది గనక మొదట్లోనే మెరుగ్గా ఉండాలని అలా పెట్టారు. 2020 మే నుంచి అన్నిటికీ ఒకటే హద్దు, గంటకు 2 గ్రాములు. మామూలు కట్టెలతో పరీక్షిస్తే 2.5. చట్టాలకు ముందటి పాత పొయ్యిలు గంటకు 15 నుంచి 30 గ్రాముల పొగ వదిలేవి. సియాటిల్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: చలికాలంలో గాలి పాడైనప్పుడు మొదటి దశ నిషేధం పెడితే, ఈ హద్దులు పాటిస్తాయని అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ లేని పొయ్యిలు ఆగుతాయి. రెండో దశలో, వేరే వెచ్చదనం లేని ఇళ్లకు తప్ప, సర్టిఫికెట్ ఉన్నవీ ఆగాల్సిందే.

మన హైదరాబాదులో

పొగ మీద పోరాటం చలిదేశాలదే అనుకోకండి. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో ఎస్.పి. రాజు మట్టితో పొగ లేని పొయ్యి రూపొందించారు. ఒకే మంట మీద వరసగా గిన్నెలు, చివర పొగగొట్టం. దాని మీద ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. అందులో ప్లాటినమూ లేదు, పల్లాడియమూ లేదు. ఆడవాళ్ల కళ్లలో పడే పొగను ఇంటి బయటికి పంపడమే దాని పని. నా దృష్టిలో రెండు పొయ్యిల్లో పెద్ద ఆలోచన ఈ మట్టి పొయ్యిదే.

అమెరికాలో ఇల్లు కొనబోయేవాళ్లకు ఒక్క మాట. హాల్లో కట్టెల పొయ్యి కనిపిస్తే ముందు దాని వెనక అతికించిన లోహపు పలక చదవండి. పర్యావరణ సంస్థ సర్టిఫికెట్ ఉందో లేదో అక్కడే ఉంటుంది. తరవాత ఇల్లు అమ్మేవాళ్లను వాడకం పుస్తకం అడగండి. మీట ఎటు తిప్పితే తెరుచుకుంటుందో వాళ్ల చేతనే తిప్పించి చూడండి.